అత్తగారి పాటకి పది శాతం కోత

సంతకం పెట్టే ముందు ఏదో ఒకటి కొయ్యాలి. విరూపాక్షం గారు ప్రభుత్వంలో ఇంజనీరుగా చేరిన కొత్తలో పై ఆఫీసరు ఆయన చెవిలో ఊదిన మంత్రం ఇదే. కాలవ గట్టు ఎంత కూలిపోయినా సరే, ఎస్టిమేటు ఎంత సలక్షణంగా ఉన్నా సరే, కిందినించి వచ్చిన అంకెని ఉన్నదున్నట్టు పైకి పంపితే 'ఈయన చూడకుండా సంతకం పెట్టేశాడు' అంటారు. పది శాతం కోస్తే చూసినట్టు. ఇరవై శాతం కోస్తే శ్రద్ధగా చూసినట్టు. విరూపాక్షం గారు మహా శ్రద్ధగల మనిషి.

ఈ సంగతి ఆఫీసులో అందరికీ తెలుసు కనక, అందరూ ముందే నూటికి నూటపాతిక వేసుకుని పంపేవారు. ఈయన కోసేవారు, ఈయన పైవాడు కోసేవాడు, ఆ పైవాడూ కోసేవాడు, చిట్టచివరికి అసలు కావలసినంత మంజూరయ్యేది. ఎవరికీ ఏ ఇబ్బందీ ఉండేది కాదు. చిక్కల్లా ఆయన రిటైరయి కాకినాడలో సొంతింటికి వచ్చేశాక మొదలైంది. ఆఫీసుని అక్కడే వదిలేశారు గానీ కోతని మాత్రం వెంట తెచ్చుకున్నారు.

ఆయన భార్య హైమావతికి ఇదేం కొత్త కాదు. కాపరానికి వచ్చిన మొదటి నెలలోనే కిటుకు పట్టేసింది. కిలో కందిపప్పు కావాలంటే చీటీలో కిలోన్నర రాసేది. పుట్టింటికి వారం వెళ్లాలంటే పది రోజులు అడిగేది. ఆయన కళ్లజోడు సవరించుకుని, ఎర్రపెన్ను తీసి, ఇంత కోసి, తృప్తిగా సంతకం పెట్టేవారు. ఆవిడకి కావలసినంతా ఆవిడకి దక్కేది. ఇద్దరూ సుఖంగానే ఉన్నారు. ఇంత తెలివైన మనిషి జీవితంలో ఒకే ఒక్కసారి పొరపాటు చేసింది. ఉన్నది ఉన్నట్టు అడిగింది. ఈ కథ అదే.

వాళ్లకి ఒక్కతే కూతురు, సంహిత. హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగం. మాఘంలో పెళ్లి ఖాయమైంది. సెలవులో ఇంటికొస్తూ ఓ నల్లటి డబ్బా పట్టుకొచ్చి టీవీ పక్కన పెట్టింది. చూడ్డానికి పూరీల డబ్బా అంత ఉంది.

"ఇది మన ఇంటి సర్వర్ అమ్మా. మన పాత వీడియోలన్నీ ఇందులో పడేస్తే, సినిమా చూసినట్టు టీవీలోనే చూసుకోవచ్చు."

"అయితే అమ్మమ్మ పాట కూడా చూడచ్చా?" అంది హైమావతి.

ఆ పాట సంగతి చెప్పాలి. హైమావతి తల్లి సూర్యకాంతమ్మ గారంటే కోనసీమలో బువ్వం బంతికి పెట్టింది పేరు. పెళ్లిలో రెండు వైపులవాళ్లూ ఎదురూబొదురూ కూచుని బువ్వం బంతి తింటుంటే, ఆవిడ లేచి మగపెళ్లివారి మీద పాట కట్టి పాడేది. అప్పటికప్పుడు, మనిషిని చూసి, మాట అతికించి. తిట్టించుకున్నవాళ్లే ముందు నవ్వేవాళ్లు. హైమావతి పెళ్లిలో విరూపాక్షం గారి వంశాన్నంతటినీ అలాగే ఉతికి ఆరేసింది. అదంతా ఎవరో వీడియో తీశారు. ఆవిడ గొంతు ఈ లోకంలో మిగిలింది ఆ ఒక్క క్యాసెట్టులోనే. పెళ్లికూతురు తలొంచుకుని కూచోవాలి కనక హైమావతి ఆ రోజు సగం పాట విననే లేదు.

ఇప్పుడు ఆ పాట అవసరం పడింది. పాలకొల్లు నించి కాబోయే వియ్యపురాలు ఇందుమతి గారు ఫోన్ చేసి నవ్వుతూ అంది: "వదినగారూ, మీ అమ్మగారి పాట గురించి మా అత్తగారు ఇప్పటికీ చెబుతుంటారు. మేం మీ మీద పాట సిద్ధం చేసుకుంటున్నాం. మీరూ కాచుకోండి. నోరు పెగలకపోతే మాత్రం ఊరంతా చెప్పుకుంటాం!"

దాంతో హైమావతి ఆ క్యాసెట్టు పట్టుకుని మెయిన్ రోడ్డులో స్టూడియోకి వెళ్లింది. స్టూడియో ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, "బూజు పట్టేసిందమ్మా, ఇదే ఆఖరుసారి తిరగడం" అన్నాడు. అలాగే అయింది. పాట మొత్తం పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కింది, టేపు రాలిపోయింది. ఎక్కుతుంటే తెర మీద తల్లి నిమిషంపాటు కనిపించింది. నెమలికంఠం రంగు చీర, పెద్ద బొట్టు, పాడే ముందు కొంగు నడుముకి బిగించడం. హైమావతి ఇంక చూడలేదు. పరాయి కొట్లో నిలబడి ఏడవడం ఎందుకు, ఇంటికెళ్లి నిమ్మళంగా చూసుకుందాం అనుకుంది.

ఇంటికొచ్చాక పెన్‌డ్రైవ్ భర్త చేతిలో పెట్టి, "ఏవండీ, దీన్ని డబ్బాలో పెట్టండి. ఇదొక్కటి చాలు నాకు" అంది. ఆ మాటే కొంప ముంచింది.

"ఇదొక్కటీ అంటే?" అన్నారు విరూపాక్షం గారు కళ్లజోడు సవరించుకుని. "ఏ ఫార్మాట్? ఏ సెట్టింగు? ఓ విధానమంటూ లేకుండా వీడియో ఎలా చూస్తాం హైమా? రేపు ఇంకోటి వస్తుంది, దాని ఫార్మాట్ ఇంకోలా ఉంటుంది. చూస్తూ చూస్తూ అరాచకానికి తలుపులు తియ్యమంటావా?"

ఆ ఆదివారమే కమిటీ పడింది. దాని పేరు 'గృహ చలనచిత్ర భాండాగార ప్రమాణాల నిర్ధారణ సంఘం'. ఆ పేరు తేలేసరికే రెండు వాయిల ఇడ్లీ అయిపోయింది. అధ్యక్షులు విరూపాక్షం గారు. ఆడిట్ సభ్యులు ఆయన అక్కగారి భర్త, బావగారు గరుడాచలం గారు. ఆడిట్‌లో పనిచేసి రిటైరైన మనిషి, మంచినీళ్లిచ్చినా గ్లాసు ఎత్తి అడుగు చూసి తాగుతారు. ఆర్థిక సభ్యులు పక్కింటి ఉమాకాంతం గారు. ట్రెజరీలో పని చేసినన్నాళ్లూ ఒక్క బిల్లూ మొదటిసారి పాస్ చెయ్యలేదని ఇప్పటికీ మీసం దువ్వుకుంటారు. హైమావతి ఆహ్వానిత సభ్యురాలు. అంటే కాఫీలివ్వాలి, ఓటు లేదు.

సంహిత తిరిగి హైదరాబాదు వెళ్లిపోయింది కనక స్పీకర్ ఫోన్‌లో సలహా చెప్పింది. "పెద్ద గొడవేం లేదు నాన్నా. ఫార్మాట్ అంటే పెట్టె. కోడెక్ అంటే అందులో సర్దే పద్ధతి. ఎమ్‌పీఫోర్‌లో పెట్టేసుకోండి, ఏ టీవీలోనైనా ఆడుతుంది. అమ్మమ్మ పాటని మాత్రం ముట్టుకోకండి. అలాగే ఆడుతుందది."

"ఎమ్‌పీఫోర్ అన్నావు," అన్నారు గరుడాచలం గారు గొంతు సవరించుకుని. "నాలుగు వాడాలంటే ఒకటీ, రెండూ, మూడూ ఎందుకు పనికిరాలేదో రికార్డులో ఉండాలా వద్దా? తక్కువరకం అందుబాటులో ఉండగా ఎక్కువరకానికి ఎలా పోయారని రేపు నేనే అడుగుతాను."

"సహేతుకమైన అభ్యంతరం," అన్నారు విరూపాక్షం గారు.

సంహిత ఫోన్‌లో నెత్తీ నోరూ కొట్టుకుంది. అయినా సూర్యకాంతమ్మ గారి పాటని ముందు ఒకటో రకంలోకి మార్చారు. అందులో మసగ్గా వస్తోందని తీర్మానించి, ఆ మసకదాన్నే రెండో రకంలోకి మార్చారు. మూడో రకం వెతికితే అసలు లేదని తేలింది. 'మూడవ స్థానము ఖాళీగా ఉన్నది, భర్తీ చేయువరకు వేచి ఉండుట ప్రజాప్రయోజనము కాదు' అని మినిట్స్‌లో రాసుకుని నాలుగుకి వెళ్లారు. మధ్యలో హైమావతి వంటింటి గుమ్మంలోంచి అడిగింది: "ఇన్ని సార్లు మారిస్తే పాడవదాండీ?"

"ఫైలన్నాక నాలుగు బల్లల మీద తిరగాలి హైమా. తిరగని ఫైలుకి బలం ఉండదు."

తరవాత సెట్టింగుల దగ్గరికొచ్చారు. బిట్‌రేట్ అంటే ఏవిటని ఉమాకాంతం గారు అడిగారు.

"సెకను వీడియోకి ఎంత సమాచారం ఖర్చు పెడుతున్నామో అదండీ," అంది సంహిత ఫోన్‌లోంచి.

ఎందుకన్నదో ఆ మాట! ఖర్చు అనగానే ముగ్గురి వీపులూ ఒక్కసారి నిటారయ్యాయి. విరూపాక్షం గారు జేబులోంచి ఎర్రపెన్ను తీశారు. రిటైరయినప్పటి నించీ పాలచీటీలకీ కూరల చీటీలకీ అరిగిపోతున్న పెన్ను అది. ఇన్నాళ్లకి దానికి తగిన పని దొరికింది.

"ఎంత అడుగుతున్నారు?"

"ఎనిమిది ఉంది నాన్నా. దాన్ని అలాగే..."

"ఏడుకి పరిమితం చేయడమైనది."

"ఏడెందుకు? ఆరు," అన్నారు గరుడాచలం గారు.

"ఆరంటే ఖజానా మీద భారం. మూడు విడుదల చేస్తాను, మిగతాది వచ్చే ఆర్థిక సంవత్సరంలో చూద్దాం," అన్నారు ఉమాకాంతం గారు.

"ఒకసారి కోస్తే మళ్లీ రాదండీ అది! జెరాక్సుకి జెరాక్సు తీసినట్టవుతుంది!" అని అరిచింది సంహిత. ఫోన్‌లో సిగ్నలు సరిగ్గా లేదని నమోదు చేసుకున్నారు.

చెప్పద్దూ, ఆ ముగ్గురూ చెడ్డవాళ్లు కారు. ఒక్కొక్కరూ పది పైసలు దొరికినా పోలీసులకి అప్పజెప్పే రకం. కానీ ప్రతివాడూ తను చూసినట్టు రుజువు చేసుకోవాలి కదా. కొయ్యకపోతే చూసినట్టు ఎలా? పైగా ఎదురుగా ముందే పెంచి రాసుకొచ్చే గుమాస్తా లేడు. అక్కడున్నది ఓ ముసలావిడ పాట. అది ఎంత ఉందో అంతే ఉంది.

రెండో సమావేశంలో ఫ్రేములు చర్చకొచ్చాయి. వీడియో అంటే సెకనుకి పాతిక బొమ్మలని తెలియగానే గరుడాచలం గారు కాఫీ గ్లాసు కింద పెట్టేశారు.

"ఒకే మనిషిని ఒక్క సెకనులో పాతికసార్లు చూపిస్తున్నారా? బొమ్మకీ బొమ్మకీ ఏం తేడా ఉందట? చీర అదే, బొట్టు అదే. ఇది పచ్చి డూప్లికేషన్ బావా. నా సర్వీసులో ఇంత బాహాటంగా ఎవరూ చెయ్యలేదు. మూడు చాలు."

"ఆవిడ చెయ్యి తిప్పుతూ పాడుతుంది అన్నయ్యగారూ," అంది హైమావతి. "ఆ తిప్పడంలోనే ఉంటుంది చమత్కారమంతా."

"తిప్పిందని తెలిస్తే చాలమ్మా. ఎలా తిప్పిందో ఆడిట్‌కి అనవసరం."

గరుడాచలం గారికి ఆ పాట మీద పాత కసి కూడా ఉంది లెండి. ఆ పెళ్లిలో సూర్యకాంతమ్మ గారు ఆయన్నీ వదల్లేదు. 'అప్పడం వడ్డిస్తె ఆడబడుచు మొగుడు అద్దమనుకున్నాడు, బొట్టు దిద్దుకున్నాడు' అని పాడితే పందిరంతా గొల్లుమంది. ఆయన మర్చిపోలేదు. అందుకని కోశారని నేననను. కానీ కోస్తుంటే ఆయన మొహంలో ఓ ప్రశాంతత కనిపించిందని హైమావతి తరవాత ఎన్నోసార్లు చెప్పింది.

ఉమాకాంతం గారు ధ్వని మీద పడ్డారు. "రెండు చానెళ్లా? కుడిచెవికీ ఎడమచెవికీ వెళ్లేది ఒకే పాటే కదా. ఒకే పద్దుకి రెండుసార్లు చెల్లింపు కుదరదు. ఒక చెవికి మంజూరు చేస్తున్నాను." ఆ పైన రంగులొచ్చాయి. పాటకి చీర రంగుతో సంబంధం లేదన్నారు. నెమలికంఠం రంగు అప్పుడు పోయింది. ఆ పైన చరణానికీ చరణానికీ మధ్య ఆవిడ ఊపిరి పీల్చుకునే ఖాళీలు కంటపడ్డాయి. పని జరగని సమయానికి జాగా కేటాయించడం నిబంధనలకి విరుద్ధమన్నారు. అవీ పోయాయి.

కొత్త కోత పడ్డప్పుడల్లా విరూపాక్షం గారు కోసిన ఫైలునే మళ్లీ కోసేవారు. పాతది ఉంచడం ఆయన పద్ధతి కాదు. ఒక రికార్డుకి రెండు ప్రతులుంటే ఏది అసలుదో తేల్చడానికి ఇంకో కమిటీ వెయ్యాల్సొస్తుంది. పెన్‌డ్రైవ్ ఖాళీ చేసి, మినిట్స్ అందులో ఎక్కించి, ఉమాకాంతం గారింటికి పంపించారు.

పెళ్లి దగ్గర పడింది. శుభలేఖలు పంచడం, పసుపు కొట్టడం, చుట్టాలకి బట్టలు కొనడం, వీటన్నిటి మధ్యా హైమావతి రోజూ ఒకటే అడిగేది: "ఇంకా తేలలేదాండీ?" ఆఖరికి ఒక రోజు విరూపాక్షం గారు కొత్త పంచె కట్టుకుని హాల్లోకి వచ్చి, సంఘం తన కర్తవ్యాన్ని జయప్రదంగా ముగించిందని ప్రకటించారు. సర్వర్ తొంభై తొమ్మిది శాతం ఖాళీగా ఉందట. ఇంత పొదుపైన వీడియో భాండాగారం జిల్లాలో ఇంకోటి ఉండదట. మిగతా ఇద్దరూ చప్పట్లు కొట్టారు. సంహిత కూడా పెళ్లి సెలవు పెట్టి అప్పటికే ఇంటికొచ్చేసింది. టీవీ పెట్టారు.

తెర మీద ఓ గళ్ల తువ్వాలు కనిపించింది.

బూడిదరంగు గళ్లు. అవి ఉండుండి ఒక్క కుదుపుతో కదిలి, పక్కకి జరిగి, ఆగిపోతున్నాయి. వాటి వెనకనించి బావిలో చెంబు పడ్డట్టు ఏదో చప్పుడు. పాటో, ఎవరో దగ్గుతున్నారో తెలీదు. "అదుగో, చెయ్యి తిప్పారు," అన్నారు గరుడాచలం గారు సాయపడుతున్నట్టుగా.

హైమావతి టీవీ దగ్గరకంటా వెళ్లి నిలబడింది. మొహం ఎక్కడుందో వెతికింది. బొట్టుండాల్సిన చోట ఓ నల్లగడి ఉంది. దాని మీద వేలు పెట్టింది.

"ఆమోదించిన ప్రమాణాల ప్రకారం ఫైలు నిక్షేపంలా ఉంది," అన్నారు విరూపాక్షం గారు. గొంతులో ఎప్పుడూ ఉండే దర్జా లేదు.

"పెన్‌డ్రైవ్‌లో ఉండాలి కదా నాన్నా?" అంది సంహిత.

ఆయన ఉమాకాంతం గారి వైపు చూశారు. ఉమాకాంతం గారు చేతిసంచీ వైపు చూసుకున్నారు. పెన్‌డ్రైవ్ ఉంది. దానినిండా మినిట్స్ ఉన్నాయి. ఒక్క అక్షరం పోకుండా భద్రంగా ఉన్నాయి.

"మా అమ్మండీ అది," అంది హైమావతి. అరవలేదు. అరిచినా బాగుండేది. "మా అమ్మ గొంతు. దానికి కోతేవిటండీ?"

"ఎక్కువేం కొయ్యలేదు హైమా. ఒక్కొక్కరం పది, ఇరవై శాతం..."

"కందిపప్పుకి కిలోన్నర రాసినదాన్ని. పుట్టింటికి పది రోజులు రాసినదాన్ని. మా అమ్మని మాత్రం ఉన్నంతే రాశాను. మీరు ఆవిణ్ని కూడా కోస్తారని నాకు తోచలేదు. తోస్తే పదిమంది అమ్మల్ని రాసి ఇచ్చేదాన్ని."

ఆవిడ ఇన్నాళ్లూ ఎక్కువ రాసి ఇచ్చేదన్న సంగతే విరూపాక్షం గారికి ఆ క్షణందాకా తెలీదు. పాపం, రెండు దెబ్బలు ఒకేసారి తగిలాయి.

ఆ తరవాత హైమావతి ఆయనతో అవసరానికి మించి మాట్లాడలేదు. భోజనం పెట్టింది, బట్టలు తీసిచ్చింది, పెళ్లిపనులు చక్కబెట్టింది. కొళాయి దగ్గర గిన్నెలు కడుగుతూ తల్లి పాట గుర్తు తెచ్చుకోడానికి ప్రయత్నించేది. మొదటి చరణం వచ్చేది, అప్పడం మాట వచ్చేది, అంతే. వియ్యపురాలి ముందు నోరు పెగలదని ఖాయమైపోయింది ఆవిడకి.

పెళ్లి బాగానే జరిగింది. బువ్వం బంతిలో రెండు వైపులవాళ్లూ విస్తళ్ల ముందు కూచున్నారు. ఆడపెళ్లివారి వరసలో కమిటీ ముగ్గురూ వరసగా కూచున్నారు, జరీ కండువాలేసుకుని. ఇందుమతి గారు లేచి గొంతెత్తింది. సిద్ధం చేసుకునే వచ్చింది, మహాతల్లి. పులుసులో ముక్కల దగ్గర్నించి పెళ్లికూతురి తండ్రి బట్టతల దాకా దేన్నీ వదల్లేదు. అందరూ నవ్వారు. అందరికంటే ఎక్కువగా గరుడాచలం గారు నవ్వారు, తన పేరు రాలేదని. పాడి ముగించి ఆవిడ నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"ఏం వదినగారూ? మీ అమ్మగారు బంతిని ఊపేసేవారట. మీకు నోరు లేదా, లేక ఇంట్లో పెట్టి మర్చిపోయారా?"

నవ్వులు. హైమావతి చేతిలో నేతిగిన్నె ఉంది. భర్త వైపు చూసింది. ఆయన విస్తట్లో అప్పడాన్ని చూసుకుంటూ కూచున్నారు. ఆ పక్కన గరుడాచలం గారు మంచినీళ్ల గ్లాసు ఎత్తి అడుగు చూస్తున్నారు. అది చూడగానే ఆవిడకి ఒకటి తట్టింది. అమ్మ పాట రాసుకుని నేర్చుకున్నదా? కాదే. ఎదురుగా ఉన్న మనిషిని చూసి కట్టింది. చూడ్డానికి మనుషులు ఇక్కడా ఉన్నారు కదా, ఒకరు కాదు, ముగ్గురు!

నేతిగిన్నె కింద పెట్టి, కొంగు నడుముకి బిగించింది.

"వినవమ్మ వియ్యపురాలా, మా ఇంటి వింతలు వినవమ్మా!
గంపెడు మల్లెలు తెస్తేను, గుప్పెడు ఉంచిరి మావారు,
గుప్పెడు మల్లెల్ని తిరగేసి, తప్పులు రాసిరి అన్నగారు,
పక్కింటి పెద్దాయనొచ్చి, వాసన దండగ పొమ్మన్నారు,
దారమె మిగిలిందమ్మా, దండని మెళ్లో వేశారు!"

బంతి బంతంతా గొల్లుమంది. ఆడపెళ్లివారు తమవాళ్లనే ఉతకడం ఎవరూ ఎరగరు. ఉమాకాంతం గారికి పొలమారింది. గరుడాచలం గారు గ్లాసు దించారు. ఇందుమతి గారు విస్తరి ముందు చతికిలబడిపోయి చెంగు నోట్లో కుక్కుకుంది. హైమావతి చెయ్యి గాల్లో ఓ తిప్పు తిప్పింది.

"మాటకి పదిశాతం కోత, పాటకి పదిశాతం కోత,
మా అమ్మ బొమ్మని కోసి కోసి, గళ్ల తువ్వాలు చేశారమ్మా!"

నవ్వేవాళ్లు నవ్వుతూనే ఉన్నారు గానీ, ఇందుమతి గారు నవ్వు ఆపి తలెత్తి చూసింది. హైమావతి ఒక్క ఊపిరి పీల్చుకుని, పెళ్లికొడుకు వైపు తిరిగింది.

"మీ అబ్బాయి కూడా ఇంజనీరట, వినవమ్మ వియ్యపురాలా,
ఎర్రపెన్ను లాగేసుకొని, మా పిల్లని చేతిలో పెట్టమ్మా,
కొయ్యక, తియ్యక, దిద్దక, ఉన్నదున్నట్టు ఉంచమ్మా!"

పెళ్లిపీటల బట్టల్లోనే సంహిత లేచొచ్చి తల్లిని కావిలించుకుంది. "అమ్మా, ఆ చెయ్యి తిప్పడం... అమ్మమ్మే," అంది. అప్పుడు ఏడ్చింది హైమావతి, అందరి ముందూ, హాయిగా. ఇందుమతి గారు వచ్చి చేతులు పట్టుకుని, "ఓడిపోయాను వదినగారూ. పిల్లకి నా పూచీ," అంది.

పందిట్లో ఉన్న ఫోన్లన్నీ ఆ పాట పట్టేశాయి. నిలువుగా పట్టినవి కొన్ని, అడ్డంగా పట్టినవి కొన్ని, ఒకటైతే తలకిందులుగా. ఏ ఫార్మాటో ఏ సెట్టింగో ఎవరికీ తెలీదు. అన్నీ శుభ్రంగా ఆడుతున్నాయి.

చుట్టాలు వెళ్లిపోయాక సంహిత వాటిలో మంచిదొకటి ఏరి తండ్రికి పంపింది. కమిటీ మళ్లీ కూచుంది. హైమావతి ఈసారి నియమం ప్రకారం అర్జీ పెట్టుకుంది: సదరు వీడియో ప్రతులు నాలుగు ఇప్పించవలెను. నిజానికి ఆవిడకి కావలసింది ఒక్కటే.

"నిలువుగా ఉంది. నిలువుకి మన ప్రమాణాల్లో చోటు లేదు," అన్నారు గరుడాచలం గారు. "పైగా రెండో చరణంలో ఆడిట్ సభ్యుణ్ని అన్యాపదేశంగా ప్రస్తావించారు. ఆ ముక్క కొయ్యాలి."

"మూడోదాంట్లో పక్కింటాయన ప్రసక్తి అనవసరం. ధ్వని కూడా బాగా ఎక్కువగా ఉంది," అన్నారు ఉమాకాంతం గారు.

విరూపాక్షం గారు పొద్దున్నించీ ఆ వీడియో ముందే కూచున్నారు. ఎర్రపెన్ను మూత తీసి, కాసేపు పట్టుకుని, మూత పెట్టేశారు. బల్ల సొరుగులోంచి వేరే పెన్ను తీసి అర్జీ మీద రాశారు: 'మంజూరు. కోత లేదు.' కింద సంతకం పెట్టారు.

గరుడాచలం గారు నిర్ఘాంతపోయారు. "బావా! ఒక్క శాతమైనా కొయ్యవయ్యా. చూడకుండా సంతకం పెట్టావంటారు."

"చూశాను బావా," అన్నారు విరూపాక్షం గారు. "అందుకే."

గుమ్మంలో కాఫీ పళ్లెంతో నిలబడ్డ హైమావతి ఆ కాగితం అందుకుని చదువుకుంది. మళ్లీ చదువుకుంది. నాలుగుకి నాలుగూ ఉన్నాయి. కాపరానికి వచ్చాక అడిగినంతా మంజూరవడం అదే మొదలు. మిగతా మూడూ ఏం చేసుకోవాలో ఆవిడకి పాలుపోలేదు.